పనిముట్టు మారితే లిఫ్టు చేతులు మారాలి: చిన్న ట్రాక్టరు రైతు వినకూడని సలహాలు

సింగరాయకొండ చుట్టుపక్కల ఒక్క చిన్న ట్రాక్టరు ఏడాది పొడవునా ఎన్ని పనులు చేస్తుందో చూడండి. వేసవిలో గొర్రు, తొలకరికి రోటవేటరు, పత్తి మిరప సాళ్ల మధ్య గుంటక, పొగాకు చేలో బోదె నాగలి, పురుగు పడితే వెనకాల స్ప్రేయరు. ఉలవపాడు వైపు వెళ్తే మామిడి చెట్ల కింద కలుపు దున్నడం. ఒకప్పుడు ఒంగోలు ఎడ్లు చేసిన అంతరకృషి ఇప్పుడు 15 నుంచి 28 హార్స్‌పవర్ల బండ్ల చేతికి వచ్చింది.

పనిముట్లు ఇన్ని మారుతున్నా, వాటిని పట్టుకునే లిఫ్టు చేతులు మాత్రం బండి కొన్న రోజున ఎలా ఉన్నాయో చాలా ఇళ్లలో అలాగే ఉంటాయి. ఫలితం చేలో కనపడుతుంది. ఒక పక్క నాలుగంగుళాలు, రెండో పక్క రెండంగుళాలు తెగిన దుక్కి. వంకరపోయి మిరప మొక్కను కోసేసిన గుంటక. సీజను మధ్యలో విరిగిన క్రాస్ జాయింటు. కొన్నిసార్లు నష్టం అక్కడితో ఆగదు, మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి సగం కారణం గట్టు మీద, వెల్డింగు షాపు ముందు, టీ కొట్టు బల్ల మీద దొరికే సలహాలు. చెప్పేవాళ్లు మన మేలు కోరేవాళ్లే. వాళ్లకు ఒక పనిముట్టుతో ఒకసారి కుదిరిన పద్ధతిని అన్నిటికీ చెబుతారు. అలా ఎక్కువగా వినిపించే సలహాలను ఒక్కొక్కటిగా తీసుకుని, అది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికీ మూలం ఒకటే మాట: పనిముట్టు మారిన ప్రతిసారీ లిఫ్టు చేతులను దానికి తగ్గట్టు మార్చుకోవడం దుక్కిలో భాగమే.

ముందు ఏది ఏ పని చేస్తుందో

బండి వెనక కింద రెండు లోయర్ లింకులు ఉంటాయి. పనిముట్టు బరువునూ లాగుడునూ మోసేవి ఇవే. పైన హైడ్రాలిక్‌తో లేచే రెండు లిఫ్టు చేతులు, వాటి నుంచి లోయర్ లింకుల దాకా దిగే రెండు లిఫ్టు రాడ్లు. వీటిలో ఒకదానికి, సాధారణంగా కుడి దానికి, పొడవు పెంచి తగ్గించే మర ఉంటుంది. మధ్యలో పైన ఉండేది టాప్ లింకు. లోయర్ లింకులు పక్కలకు ఊగకుండా పట్టి ఉంచేవి చెక్ చైన్లు.

మొదటి ట్రాక్టర్లు నాగలిని గొలుసుతో ఈడ్చేవి. నాగలి రాయికో వేరుకో పట్టుకుంటే ముందు చక్రాలు పైకి లేచి బండి డ్రైవరు మీదికి తిరగబడేది. ఐర్లండు మెకానిక్ హ్యారీ ఫెర్గూసన్ దీనికి విరుగుడు వెతికాడు. నాగలిని మూడు చోట్ల పట్టుకుంటే, అది నేలలో పట్టుకున్నప్పుడు టాప్ లింకు బండిని ముందుకు నెడుతుంది, ముందు చక్రాలు నేలను వదలవు. 1926లో ఆయన తన హైడ్రాలిక్ పద్ధతికి పేటెంటు పొందాడు. 1938లో హెన్రీ ఫోర్డుతో చేతులు కలిపాడు, మరుసటి ఏడాది ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు వచ్చింది. ఆ తర్వాత ప్రపంచమంతా అదే అమరికను తీసుకుంది. 1960లో చెన్నైలో మొదలైన టాఫే మన ఊళ్లకు తెచ్చిన మాస్సే ఫెర్గూసన్ బండ్ల మీద ఇప్పటికీ ఆయన పేరుంది. కాబట్టి ఈ మూడు లింకులు పనిముట్టును తగిలించుకునే కొక్కేలు మాత్రమే కావు. డ్రైవరు ప్రాణానికి రక్షణగా పుట్టినవి.

1. “షోరూంలో పెట్టిచ్చిన సెట్టింగు, దాన్ని ముట్టుకోవద్దు”

మెకానిక్ మీద గౌరవంతో చెప్పే మాట ఇది. కానీ డెలివరీ రోజున ఆయన చేసిన అమరిక ఆ రోజు తగిలించిన ఒక్క పనిముట్టుకే. మీ గుంటక వెడల్పు, మీ రోటవేటరు ఎత్తు ఆయనకు తెలియవు. రాడ్డుకు మర పెట్టిందీ, చైనుకు టర్న్‌బకిల్ పెట్టిందీ రైతు తిప్పుకోవడానికే. ఏడాదిపాటు తిప్పకుండా వదిలేస్తే వానకూ దుమ్ముకూ ఆ మరలు తుప్పు పట్టి, నిజంగా అవసరమైన రోజున కదలవు.

చేయవలసింది: సిమెంటు గచ్చు మీద బండి నిలపండి. వెనక టైర్లు రెండిట్లో గాలి సమానంగా ఉందో లేదో ముందు చూడండి. ఒక టైరులో గాలి తక్కువైతే రాడ్లు ఎంత సరిచేసినా బండి వాలే ఉంటుంది. తర్వాత నేల నుంచి రెండు లోయర్ లింకుల చివరి గుండ్ల దాకా టేపుతో కొలవండి. రెండూ సమానమయ్యేదాకా కుడి రాడ్డు తిప్పండి. అక్కడ రాడ్డు మీద తెల్ల పెయింటుతో గీత పెట్టండి. అది మీ మూలస్థానం. ఆ తర్వాత ఏ పనిముట్టుకు ఎన్ని చుట్లు తిప్పారో ఆ గీత నుంచే లెక్క. నెలకోసారి మరలకు గ్రీజు పెట్టండి.

2. “రెండు రాడ్లూ ఎప్పుడూ సమానంగానే ఉండాలి”

గొర్రుకు, రోటవేటరుకు, గుంటకకు ఇది నిజం. నాలుగు చక్రాలూ ఒకే మట్టం మీద నడుస్తాయి కనుక రాడ్లు సమానంగా ఉంటేనే పనిముట్టు రెండు పక్కలా ఒకే లోతు దిగుతుంది. రెక్క నాగలికి మాత్రం ఇదే మాట తప్పవుతుంది. మొదటి చాలు పడ్డాక కుడి చక్రాలు ఆ చాలులో దిగి నడుస్తాయి. బండి మొత్తం కుడికి వాలుతుంది, దాంతోపాటు నాగలీ వాలుతుంది. అప్పుడు కుడి రాడ్డును పొట్టి చేసి నాగలి కుడి పక్కను లేపాలి. వెనక నిలబడి చూస్తే బండి వాలి ఉన్నా నాగలి చట్రం మాత్రం దున్నని నేలకు సమాంతరంగా ఉండాలి.

ఈ సవరణ చేయకపోతే ఒక రెక్క లోతుగా, ఒక రెక్క పైపైన పోతుంది. బండిని ఒక పక్కకు లాగుతున్నట్టు స్టీరింగులో తెలుస్తుంది. చాలా మంది దాన్ని స్టీరింగు తప్పనుకుని మెకానిక్ దగ్గరికి పోతారు. నాగలి పని అయిపోయాక రాడ్డును మళ్లీ పెయింటు గీత దగ్గరికి తెచ్చుకోవడం మరవకండి. అది మరిచి రోటవేటరు తగిలిస్తే చేను సగం లోతుగా, సగం గీరినట్టుగా తయారవుతుంది.

3. “గొర్రు దిగట్లేదా బావా, దాని మీద ఒక మనిషిని కూర్చోబెట్టు”

అన్నిటికన్నా ఎక్కువగా వినపడే సలహా, అన్నిటికన్నా భయపడవలసిన సలహా కూడా. మనిషి దొరక్కపోతే రాయి పెట్టమంటారు, ఇసుక బస్తా కట్టమంటారు. కూర్చున్న మనిషి ఒక కుదుపుకు జారితే గొర్రు కింద పడతాడు. రోటవేటరు మీద కూర్చున్నవాడు జారితే బతకడు. తిరిగే కత్తుల ముందు డ్రైవరు క్లచ్ తొక్కే వ్యవధి కూడా ఉండదు.

గొర్రు దిగకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. ఒకటి, టాప్ లింకు పొడవుగా ఉండి గొర్రు వెనక్కి వాలి ఉండటం. టాప్ లింకును కొంచెం పొట్టి చేస్తే ముందు కొనలు నేలలోకి చూస్తాయి, గొర్రు తనంతట తానే దిగుతుంది. రెండు, అరిగిపోయిన కర్రులు. మొద్దుబారిన కర్రు మీద ఎంత బరువు పెట్టినా అది నేల మీద గీకుతుందే తప్ప కోయదు. కర్రు తిప్పి బిగించండి, లేదా మార్చండి. మూడు, పదును లేని నేల. ఎండిన నల్లరేగడిలో గొర్రు బెడ్డలు లేపుతుంది, నేలను తెగ్గొట్టదు. ఒక వాన పడి, చేతిలో పట్టుకుంటే ముద్ద అయ్యి, వదిలితే పొడిగా విడిపోయే పదునులో దున్నండి. ఈ మూడూ చూసుకుంటే మనిషి బరువు అవసరం రాదు.

4. “టాప్ లింకు ఎంత బిగిస్తే అంత లోతు”

మూడో సలహాకు పెట్టిన విరుగుడును అతిగా వాడటం వల్ల పుట్టినది ఇది. టాప్ లింకు బాగా పొట్టి చేస్తే గొర్రు ముక్కు కిందికి వంగుతుంది. ముందు వరస కర్రులు బాగా లోతుకు పోతాయి, వెనక వరస గాల్లో తేలుతుంది. లాగుడు పెరుగుతుంది, చక్రాలు జారతాయి, డీజిలు పోతుంది, చేతికి వచ్చేది సగం దుక్కి. పక్క నుంచి చూసినప్పుడు పనిలో ఉన్న గొర్రు చట్రం నేలకు సమాంతరంగా ఉండాలి. అదొక్కటే కొలత.

రోటవేటరుకు ఈ అతి ఇంకా చెడ్డది. పనిలో ఉన్నప్పుడు దాని గేర్‌బాక్సులోకి పోయే షాఫ్టు, బండి వెనక తిరుగుతూ పనిముట్టును నడిపే పీటీఓ షాఫ్టు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. టాప్ లింకు అతిగా బిగిస్తే గేర్‌బాక్సు ముక్కు దించుకుంటుంది. మధ్య షాఫ్టు రెండు చివర్లా వేర్వేరు కోణాల్లో తిరుగుతుంది. టకటకమని శబ్దం మొదలవుతుంది, క్రాస్ జాయింట్లు త్వరగా పోతాయి. రోటవేటరు లోతును టాప్ లింకుతో కాక, పక్కల ఉండే స్కిడ్లతో సరిచేసుకోవాలి.

5. “చెక్ చైన్లు బిగించి పారెయ్, ఇక చూడనక్కర్లేదు”

దీనికి ఎదురుగా “చైన్లు వదులుగా ఉంటేనే బండి ఫ్రీగా పోతుంది” అనే సలహా కూడా ఉంది. రెండూ సగం సగం నిజాలు. ఏ పనిముట్టుకు ఏది అన్నదే అసలు విషయం.

గొర్రుకు, నాగలికి చైన్లు కొంచెం వదులు ఉండాలి. పక్కలకు సుమారు రెండంగుళాలు ఆడనిస్తే, మలుపులో గొర్రు బండి వెనకాల తన దారిలో వస్తుంది. మరీ బిగిస్తే పనిముట్టు బండిని పక్కకు తోస్తుంది, స్టీరింగు మాట వినదు. అయితే పనిముట్టు పూర్తిగా లేచినప్పుడు లింకులు టైర్లకు తగలకూడదు. దాన్ని కూడా చైన్లే చూసుకోవాలి, కనుక లేపి ఒకసారి ఊపి చూడండి.

రోటవేటరు, స్ప్రేయరు, విత్తే యంత్రం తగిలించినప్పుడు చైన్లు బిగుతుగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం సాళ్ల మధ్య గుంటక. పత్తిలో రెండు సాళ్ల మధ్య మూడడుగులకు అటూ ఇటుగా ఉంటుంది, మిరపలో ఇంకా తక్కువ. ఆ ఇరుకులో గుంటక ఒక అరజానెడు పక్కకు ఊగితే సాలు మొత్తం పోతుంది. గుంటక తగిలించాక ప్రతి లోయర్ లింకు నుంచి దాని పక్క టైరు లోపలి అంచు దాకా కొలవండి. రెండు పక్కలా కొలత సమానమైనప్పుడే చైన్లు బిగించండి. కంటికి నడిమధ్యలో ఉన్నట్టే కనపడుతుంది, టేపు పెడితే తేడా బయటపడుతుంది. నెలల తరబడి పెంచిన పైరు పక్కన నడుస్తున్నప్పుడు కంటిని నమ్మకూడదు.

6. “ఆ రెండు లీవర్లూ ఒకటే, ఏది తోసినా లేస్తుంది”

లేస్తుంది నిజమే, కానీ పని తీరు వేరు. పొజిషన్ కంట్రోలు లీవరు పనిముట్టును బండికి ఒక నిర్ణీత ఎత్తులో నిలిపి ఉంచుతుంది. డ్రాఫ్ట్ కంట్రోలు లీవరు లాగుడును చూస్తుంది. నేల గట్టిపడి లాగుడు పెరిగితే పనిముట్టును కొంచెం లేపుతుంది, మెత్తబడితే మళ్లీ దించుతుంది. ఆ లేపుడులో పనిముట్టు బరువు కొంత వెనక చక్రాల మీదికి వచ్చి జారుడు తగ్గుతుంది.

అందుకే నాగలికి, గొర్రుకు డ్రాఫ్ట్. స్ప్రేయరుకు, సాళ్ల మధ్య గుంటకకు పొజిషన్. రోటవేటరును దించి లేపడానికీ పొజిషన్ లీవరే. నేల మీద స్కిడ్లు మోస్తున్నప్పుడు మాత్రం లీవరును పూర్తిగా కిందికి వదలాలి. సగంలో ఆపితే రోటవేటరు బండితో పాటు ఎగిరి దిగుతుంది, నేల మట్టంగా రాదు. సింగరాయకొండ నుంచి పాకల తీరం వైపు ఇసుక నేలలు, పడమరకు పోయేకొద్దీ ఎర్ర నేలలు, నల్ల నేలలు తగులుతాయి. ఒకే చేలో ఒక మూల మెత్తగా, ఒక మూల గట్టిగా ఉన్నప్పుడు గొర్రుకు డ్రాఫ్ట్ లీవరు చేసే మేలు వెంటనే తెలుస్తుంది. కొన్ని చిన్న మోడళ్లలో డ్రాఫ్ట్ కంట్రోలు ఉండదు. అలాంటి బండికి గొర్రు కొనేటప్పుడు లోతు చక్రం ఉన్నది ఎంచుకోండి.

7. “పెద్ద రోటవేటరే కొను, ముందు నలుగురు నిలబడితే బండి లేవదు”

అద్దె బండి వచ్చి ఐదడుగుల రోటవేటరుతో ఎకరం త్వరగా ముగించడం చూసి ఈ ఆశ పుడుతుంది. ఆ బండి 45, 50 హార్స్‌పవర్లది. 15 నుంచి 28 హార్స్‌పవర్ల బండికి మూడు, నాలుగు అడుగుల రోటవేటరే తగినది.

లిఫ్టు సామర్థ్యం చదివేటప్పుడు ఒక సంగతి గమనించాలి. చాలా కరపత్రాల్లో రాసే కిలోలు లోయర్ లింకు చివరి దగ్గర కొలిచినవి. రోటవేటరు బరువంతా అక్కడ ఉండదు, ఇంకా వెనక ఉంటుంది. నీళ్ల బిందెను చంకలో పెట్టుకుంటే మోయగలం, అదే బిందెను చేయి చాచి పట్టుకుంటే పట్టలేం. బరువు వెనక్కి జరిగేకొద్దీ లిఫ్టు మోయగలిగేది తగ్గుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు ఇరుసు మీద ఉండాలన్నది పాత నియమం. పనిముట్టు లేపి నెమ్మదిగా నడుపుతూ స్టీరింగు తిప్పి చూడండి. చక్రాలు తిరిగినా బండి తిన్నగానే పోతుంటే ముందు బరువు చాలలేదన్నమాట. దానికి కంపెనీ ఇచ్చే ముందు వెయిట్లు బిగించాలి. మనుషులను నిలబెట్టడం మందు కాదు.

ఇక్కడే లోయర్ లింకు చిల్లుల సంగతి. కొన్ని బండ్లలో లిఫ్టు రాడ్డు తగిలించడానికి లోయర్ లింకుకు ఒకటి కన్నా ఎక్కువ చిల్లులు ఉంటాయి. బండికి దగ్గర చిల్లులో తగిలిస్తే పనిముట్టు ఎక్కువ ఎత్తు లేస్తుంది, కానీ మోసే బలం తగ్గుతుంది. పనిముట్టు వైపు చిల్లులో తగిలిస్తే బలం పెరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది. బరువైన రోటవేటరుకు వెనక చిల్లు, గట్లు ఎక్కి దిగవలసిన తేలిక గుంటకకు ముందు చిల్లు. రెండు పక్కలా ఒకే చిల్లు వాడాలి.

8. “గట్టు మలుపులో పీటీఓ ఆపనక్కర్లేదు, తిప్పుతూనే లేపు”

సమయం కలిసొస్తుందని చెప్పే మాట. పీటీఓ సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. ఆ వేగంలో రోటవేటరును పైదాకా లేపితే మధ్య షాఫ్టు బాగా వంగి, క్రాస్ జాయింటు తన హద్దు దాటి తిరుగుతుంది. ఒక్కో మలుపుకు కొంచెం కొంచెంగా అరుగుతూ ఒకనాడు విరుగుతుంది. విరిగిన షాఫ్టు ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

మలుపులో రోటవేటరును కత్తులు నేల వదిలేంత మాత్రమే లేపండి. పొజిషన్ లీవరు పట్టీ మీద ఉండే స్టాపరును అక్కడ బిగించుకుంటే చేయి పొరపాటున దాటదు. గట్టు దాటాలన్నా, రోడ్డెక్కాలన్నా ముందు పీటీఓ ఆపి, కత్తులు నిలిచాక లేపండి. కొత్త రోటవేటరు తగిలించినప్పుడు షాఫ్టు గొట్టాలను ఒకసారి చూడండి. పనిలో ఉన్నప్పుడు ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు దూరి ఉండాలి. పూర్తిగా లేపినా, దించినా అడుగుకు తగిలి గుద్దుకోకూడదు. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు అడ్డమని తీసేయకండి. భుజం మీది తువాలు, లుంగీ అంచు, చీర కొంగు ఒక్క క్షణంలో చుట్టుకుంటాయి.

9. “పిన్ను సరిపోకపోతే రాడ్డు ముక్క కోసి వెయ్”

చిన్న బండ్లలో లోయర్ లింకు పిన్ను ఎక్కువగా 22 మిల్లీమీటర్లు, టాప్ లింకు పిన్ను 19. ఇది కేటగిరీ 1. పెద్ద బండ్లది కేటగిరీ 2, అక్కడ 28, 25 మిల్లీమీటర్లు. పక్క ఊరి నుంచి తెచ్చిన పాత గొర్రు కేటగిరీ 2ది అయితే మన సన్న పిన్ను దాని పెద్ద చిల్లులో ఆడుతుంది. అప్పుడే రాడ్డు ముక్క, బోల్టు, చివరికి మేకు కూడా వస్తాయి. మామూలు ఇనుప రాడ్డు కోతకు తట్టుకోదు. లేచిన పనిముట్టు ఒక పక్క ఊడితే రెండో పక్క లింకు మెలి తిరుగుతుంది.

దీనికి బుష్షులు దొరుకుతాయి. సన్న పిన్నుకు తొడిగి పెద్ద చిల్లులో వేసుకోవడానికే అవి ఉన్నాయి. పెద్ద పిన్నున్న పనిముట్టుకు సన్న బండిని తగిలించాలని మాత్రం లింకు గుండును గ్రైండరుతో పెద్దది చేయించకండి. ప్రతి పిన్నుకూ లించ్ పిన్ను ఉండాలి, తీగ చుట్టడం కాదు. ఒక డబ్బాలో అదనంగా నాలుగు లించ్ పిన్నులు వేసుకుంటే నట్టనడి చేలో తీగ వెతుక్కునే పని ఉండదు.

10. “బండి కూరుకుంటే గొలుసు టాప్ లింకు దగ్గర కట్టి లాగించు”

ఈశాన్య రుతుపవనాల వానలకు నల్ల నేలలు బురదవుతాయి. కూరుకుపోయిన బండినో ట్రక్కునో ఇంకో బండితో లాగించాల్సి వస్తుంది. అప్పుడు పై చోట కడితే “పట్టు బాగా దొరుకుతుంది” అంటారు. ఇది మనిషిని చంపే సలహా. గొలుసు వెనక ఇరుసు కన్నా ఎత్తులో ఉంటే లాగిన బలం బండిని వెనక్కి తిప్పుతుంది. ముందు చక్రాలు లేవడం మొదలయ్యాక తిరగబడటానికి రెండు సెకన్లు కూడా పట్టదు. డ్రైవరుకు కాలు క్లచ్ మీదికి తెచ్చే వ్యవధి దొరకదు.

గొలుసు ఎప్పుడూ కింద ఉన్న డ్రాబారుకే. లోయర్ లింకులను పైకి లేపి వాటికి కట్టడం కూడా అంతే ప్రమాదం. క్లచ్ నెమ్మదిగా వదలండి, ఒక్క కుదుపుతో లాగొద్దు. చుట్టూ ఉన్నవాళ్లను గొలుసు పొడవుకన్నా దూరంగా నిలబెట్టండి.

11. “లిఫ్టు లేపి ఉంచు, కింద దూరి కత్తి మార్చేస్తా”

లేచిన పనిముట్టును నిలిపి ఉంచేది లోపలి నూనె ఒత్తిడి. ఒక సీలు కారినా, పిల్లాడి చేయి లీవరుకు తగిలినా రోటవేటరు కింద పడుతుంది. కత్తి మార్చాలంటే ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, రోటవేటరు చట్రం కింద గట్టి దిమ్మలు పెట్టి, బరువు వాటి మీదికి దించాలి. ఆ తర్వాతే చేయి పెట్టాలి. సాయంత్రం బండి ఇంటికి వచ్చాక కూడా పనిముట్టును నేల మీదే ఉంచండి. చాలా ఇళ్లలో పిల్లలు ఆడుకునేది ఆ బండి చుట్టూనే.

పనిముట్టుకొక సెట్టింగు

గొర్రు: రాడ్లు సమానం. టాప్ లింకు చట్రం మట్టంగా ఉండేంత. చైన్లు కొంచెం వదులు. డ్రాఫ్ట్ లీవరు.

రెక్క నాగలి: మొదటి చాలుకు రాడ్లు సమానం. కుడి చక్రాలు చాలులో దిగాక కుడి రాడ్డు పొట్టి. చైన్లు వదులు. డ్రాఫ్ట్ లీవరు.

రోటవేటరు: రాడ్లు సమానం. గేర్‌బాక్సు షాఫ్టు పీటీఓకు సమాంతరం. చైన్లు బిగుతు. లోతు స్కిడ్లతో, లీవరు పూర్తిగా కిందికి. మామిడి చెట్ల కింద పైపైనే తిప్పండి, లోతుకు పోతే పైవేర్లు తెగుతాయి.

సాళ్ల మధ్య గుంటక: రాడ్లు సమానం. రెండు పక్కలా కొలిచి నడిమధ్యలో బిగించిన చైన్లు. పొజిషన్ లీవరు. రెండు మూడు అంగుళాల లోతు చాలు, కలుపు తెగుతుంది, మిరప వేరు తెగదు.

బోదె నాగలి: రాడ్లు సమానం. చైన్లు బిగుతు, లేకపోతే బోదెలు వంకరపోతాయి, నీరు సరిగా పారదు. రెండు పక్కల రెక్కలూ ఒకే వెడల్పు తెరిచి ఉండాలి.

స్ప్రేయరు: చైన్లు బిగుతు. పొజిషన్ లీవరు. ట్యాంకు నిండినప్పటి బరువును లెక్క వేసుకోండి, ఖాళీ ట్యాంకు బరువును కాదు. లీటరు నీరు ఒక కిలో.

తగిలించేటప్పుడు వరస ఇది: ముందు ఎడమ లోయర్ లింకు, తర్వాత మర రాడ్డు ఉన్న వైపు కుడి లింకు, చివరికి టాప్ లింకు. విప్పేటప్పుడు ముందు టాప్ లింకు, తర్వాత కుడి, చివరికి ఎడమ. ఈ వరస పాటిస్తే పనిముట్టును గునపంతో నెట్టే అవసరం దాదాపు రాదు.

నేర్చుకోవాలన్న కోరిక ఉన్న యువ డ్రైవర్లకు దారులు ఉన్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. సింగరాయకొండ ఉన్న మన జిల్లాలోనే దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. ఊరి నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి అడిగి తెలుసుకోండి. బండితో వచ్చిన పుస్తకాన్ని బీరువాలోంచి తీసి, లింకేజి ఉన్న పేజీలు ఒకసారి చదవండి. అందులో మీ బండికి ఇచ్చిన కొలత నేను రాసినదానికి వేరుగా ఉంటే పుస్తకాన్నే నమ్మండి.

బండి మీరు నడపకపోయినా ఈ బాధ్యత మీదే. కూలికి వచ్చే డ్రైవరు తమ్ముడికి సెట్టింగు మార్చుకోవడానికి పది నిమిషాలు ఇవ్వండి, “ఇంకా మొదలు పెట్టలేదేం” అని తొందర పెట్టకండి. ఆ పది నిమిషాలకూ కూలి కట్టివ్వండి. ఏ పనిముట్టుకు ఎన్ని చుట్లో ఒక చిన్న పుస్తకంలో రాసి సీటు కింద పెట్టండి, తర్వాత వచ్చే డ్రైవరుకు అది పనికొస్తుంది. ఈ సీజనులో తర్వాతి పనిముట్టు తగిలించేటప్పుడు టేపు చేత్తో పట్టుకుని మొదలు పెట్టండి.